నాలుగుసార్లు ఊడి వచ్చిన ముందు పన్ను: పోస్ట్, కోర్, క్రౌన్‌తో పునర్నిర్మాణం

36 ఏళ్ల ఒక మహిళ, పై దవడ ఎడమవైపు మధ్య ముందు పన్నుకు వేసిన క్రౌన్ (పన్ను తొడుగు), వేరు నాళంలోకి దిగి ఉండే మేకులాంటి పోస్ట్‌తో సహా ఊడి చేతిలోకి వచ్చేసిందని, దాన్ని కాగితంలో చుట్టి తీసుకువచ్చారు. పదేళ్ల కిందట ఆ పన్నుకు దెబ్బ తగిలి విరిగినప్పుడు రూట్ కెనాల్ చికిత్స చేసి, పోస్ట్ పెట్టి, పింగాణీ పూత ఉన్న లోహపు క్రౌన్ తొడిగారట. ఊడడం ఇది నాలుగోసారి. అంతకుముందు మూడుసార్లూ వేరే చోట్ల అదే క్రౌన్‌ను శుభ్రం చేసి మళ్లీ అతికించారు; మొదటిసారి అతికించింది రెండేళ్లు నిలిచిందట, రెండోది ఎనిమిది నెలలు, మూడోది పదకొండు వారాలు. “డాక్టర్ గారూ, ఇంకాస్త గట్టి సిమెంటు ఏదైనా ఉంటే దానితో అతికించి పంపించండి, చాలు” అన్నది ఆమె కోరిక. ఈ వరుసలో గడువు ప్రతిసారీ కురచ అవుతూ వచ్చిందంటే లోపం సిమెంటులో లేదని, ఆ సిమెంటు పట్టుకోవలసిన పన్నులోనే ఉందని అనుమానం రావాలి.

ఊడి వచ్చిన క్రౌన్‌ను వెలుతురులో తిప్పి చూస్తే సగం కథ అక్కడే తెలిసింది. పోస్ట్ మరలు ఉన్న స్టీలు పోస్ట్. వేరులోకి దిగిన భాగం కొలిస్తే 6 మిల్లీమీటర్లే ఉంది. మరల సందుల్లో సిమెంటు పొడిపొడిగా, గోధుమ రంగులో, దుర్వాసనతో ఉంది. క్రౌన్ లోపలి భాగమంతా కోర్ పదార్థమే, అంటే పోయిన పన్ను స్థానంలో పోస్ట్ మీద కట్టే దిమ్మే, నిండి ఉంది. క్రౌన్ అంచు లోపలివైపున పన్ను గోడను చుట్టి పట్టుకున్న గుర్తు ఎక్కడా లేదు. అంటే ఆ క్రౌన్ ఇన్నేళ్లూ పన్నుకు తొడిగిన తొడుగుగా కాక, ఒక మేకు మీద నిలబెట్టిన బొమ్మలాగా ఉండిపోయింది.

నోటి పరీక్షలో వేరు పైభాగం పెదవి వైపున చిగురుకు 1 మి.మీ. లోపల, అంగిలి వైపున చిగురు అంచుకు సమంగా కనిపించింది. నాళం ముఖద్వారం దగ్గర డెంటిన్ (పన్ను గోడలోని గట్టి పదార్థం) మెత్తబడి, చెంచా ఆకారపు ఎక్స్‌కవేటర్‌కు పెచ్చులుగా లేచి వచ్చింది. పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు సందును ప్రోబ్‌తో కొలిచినప్పుడు లోతు ఎక్కడా 3 మి.మీ. దాటలేదు. కింది ముందు పళ్లు పై పళ్ల వెనుక చిగురుకు దగ్గరగా తగిలే డీప్ బైట్ ఉంది. ఎక్స్-రేలో, నాళంలో నింపిన పాత గట్టాపర్చా (రబ్బరులాంటి పదార్థం) వేరు కొనకు 3 మి.మీ. ముందే ఆగిపోయి, మధ్యలో ఖాళీలతో కనిపించింది. వేరు కొన చుట్టూ ఎముకలో చిన్న నల్లని వలయం ఉంది. నొప్పి లేదు, చీము కారడం లేదు.

ఈ దశలో ఏ ప్రణాళికా వేయకముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: వేరు నిలువునా చీలిందా, లేదా? మరల పోస్ట్ పెట్టిన పన్నులో, అదీ పలుమార్లు ఊగి ఊడిన పన్నులో, ఈ అనుమానం తీరకుండా ముందుకు వెళ్లడం రోగి సమయాన్ని వృథా చేయడమే. ఒకేచోట సన్నగా, లోతుగా దిగిపోయే ప్రోబింగ్ లోతు, వేరు పక్కగా పైకి పాకిన నల్లని నీడ, చిగురులో కొనకు దూరంగా పైన తేలిన చీము రంధ్రం, ఇవి చీలికను సూచించే గుర్తులు. ఈ పన్నులో ఏవీ లేవు. మెత్తబడిన డెంటిన్ తీసేశాక మెథిలీన్ బ్లూ రంగు పూసి, కడిగి, లూప్స్‌లో పెద్దది చేసి చూశాను. నీలం గీత ఎక్కడా నిలవలేదు. చీలిక లేదని నూటికి నూరుపాళ్లు రుజువు చేయగల పరీక్ష, వేరును తెరిచి చూడడం తప్ప, మరొకటి లేదని రోగికి చెప్పే మొదలుపెట్టాను.

క్రౌన్ ఎందుకు ఊడిందన్నది ఇప్పుడు చూద్దాం. రోకలి కొన చీలకుండా దానికి వేసే ఇనుప కట్టును పొన్ను అంటాం. చికిత్స చేసిన పన్నుకు తొడిగే క్రౌన్ కూడా అలాంటి పొన్నుగా పనిచేయాలి. దంతవైద్యంలో ఫెరూల్ అనే మాటకు అర్థం సరిగ్గా ఇదే. క్రౌన్ అంచుకు పైన, కోర్‌కు కింద, ఆరోగ్యమైన డెంటిన్ గోడ 1.5 నుంచి 2 మి.మీ. ఎత్తున, కనీసం 1 మి.మీ. మందాన, వీలైనంత వరకు చుట్టూ ఉండి, దాన్ని క్రౌన్ బిగించి పట్టుకోవాలి. ఆ పట్టు ఉన్నప్పుడు కొరికిన ప్రతిసారీ పుట్టే బలం క్రౌన్ నుంచి నేరుగా వేరు గోడకు చేరుతుంది. లేనప్పుడు ఆ బలమంతా కోర్ ద్వారా పోస్ట్ మీదికి, పోస్ట్ ద్వారా సన్నని సిమెంటు పొర మీదికి పోతుంది. పై ముందు పన్ను విషయంలో కింది పళ్లు వెనుక నుంచి ముందుకు, పైకి నెడతాయి గనుక, క్రౌన్ పెదవి వైపు అంచును ఇరుసుగా చేసుకుని అంగిలి వైపున తెరుచుకోవడానికి చూస్తుంది. కంటికి కనిపించనంత కొద్దిగా తెరుచుకున్నా ఆ సందులోంచి లాలాజలం, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి, సిమెంటు కరుగుతుంది, డెంటిన్ పుచ్చుతుంది. ఇవన్నీ జరిగిపోయాక చివరి రోజున క్రౌన్ ఊడుతుంది. రోగికి తెలిసేది ఆ చివరి రోజే.

పోస్ట్ పన్నును బలపరుస్తుందన్న నమ్మకం మన వృత్తిలో ఇంకా పూర్తిగా పోలేదు. ఇంటి గోడలో ఇనుప కడ్డీ దించితే గోడ గట్టిపడుతుందన్న పోలిక ఆ నమ్మకానికి మూలం కావచ్చు. పోస్ట్ చేసే పని కోర్‌ను నిలపడం మాత్రమే. దానికి చోటు చేయడానికి మనం తొలిచే ప్రతి పిసరు డెంటిన్ వేరును బలహీనపరుస్తుంది. రూట్ కెనాల్ చేసిన పన్ను ఎండిపోయి పెళుసవుతుందన్న మాట కూడా ఇలాంటిదే. 1992లో సెడ్జ్‌లీ, మెస్సర్ చికిత్స చేసిన పళ్లను అదే మనిషి నోటిలో ఎదుటివైపున ఉన్న జీవమున్న జత పళ్లతో పోల్చి పరీక్షించినప్పుడు, పెళుసుదనాన్ని సూచించే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకు మూడేళ్ల ముందు, 1989లో, రీహ్, మెస్సర్, డగ్లస్ ప్రీమోలార్ (చిన్న దవడ) పళ్ల మీద చేసిన కొలతల్లో నాళం తెరవడానికి చేసిన రంధ్రం వల్ల పన్ను బిగువు 5 శాతమే తగ్గగా, పక్క అంచులు రెండూ పోయేలా చేసిన పెద్ద కుహరం వల్ల 63 శాతం తగ్గింది. కాబట్టి చికిత్స చేసిన పన్ను బలహీనమవడానికి కారణం నాళంలో గుజ్జు లేకపోవడం కాదు, గోడలు లేకపోవడం. అందుకే గోడలు నాలుగూ నిలిచి, గుజ్జుగదిలో కోర్ పట్టు దొరికే మోలార్ (పెద్ద దవడ) పన్నులో నేను పోస్ట్ పెట్టను. అక్కడ కావలసింది మొనలను కప్పి పట్టుకునే క్రౌన్. చిన్న రంధ్రం తప్ప మిగతా అంతా చెక్కుచెదరని ముందు పన్నుకైతే పోస్టూ అక్కర్లేదు, క్రౌనూ అక్కర్లేదు, కాంపోజిట్ నింపితే సరిపోతుంది. సోరెన్సెన్, మార్టినాఫ్ 1984లో 1273 చికిత్స చేసిన పళ్లను పరిశీలించినప్పుడు క్రౌన్ వల్ల ప్రీమోలార్లకు, మోలార్లకు స్పష్టమైన మేలు కనిపించింది గానీ ముందు పళ్లకు అంతగా కనిపించలేదు.

ఈ రోగి పన్ను ఆ అదృష్టవంతమైన ముందు పళ్ల కోవలోకి రాదు. దీనికి పైభాగమే లేదు. పోస్ట్ తప్పదు. అయితే పొన్నుకు చోటు లేకుండా కొత్త పోస్ట్ పెడితే, అది ఎంత ఖరీదైన పోస్టయినా, అయిదోసారి ఊడడానికి గడువు పెట్టినట్టే అవుతుంది. కాగితం మీద లెక్క వేశాను. పెదవి వైపున వేరు అంచు ఎముక శిఖరానికి 2 మి.మీ. పైన ఉంది. క్రౌన్ అంచుకూ ఎముకకూ మధ్య చిగురు అతుక్కుని ఉండడానికి సుమారు 3 మి.మీ. వదలాలి; దాని పైన ఫెరూల్‌కు 2 మి.మీ. కావాలి. కావలసింది 5, ఉన్నది 2, లోటు 3 మి.మీ.

ఈ 3 మిల్లీమీటర్లను సంపాదించడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, శస్త్రచికిత్సతో చిగురును, ఎముకను వెనక్కు తీసి వేరును బయటపెట్టడం. రెండోది, సన్నని తీగ, రబ్బరు సాయంతో వేరునే మెల్లగా బయటికి లాగడం. ఎముకలో ఉన్న వేరు పొడవు 12 మి.మీ., పక్క పన్నుకు సరితూగే క్రౌన్ పొడవు 10 మి.మీ. శస్త్రచికిత్స చేస్తే ఎముకలో వేరు 9కి తగ్గి, క్రౌన్ 13కు పెరుగుతుంది. పైగా పక్క పళ్ల ఎముకను కూడా కొంత తీయక తప్పదు, నవ్వినప్పుడు ఒక పన్ను పొడుగ్గా, చిగురు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. లాగితే ఎముకలో వేరు అదే 9కి తగ్గుతుంది గానీ, వచ్చిన భాగం క్రౌన్ లోపలికే పోతుంది కాబట్టి క్రౌన్ 10 దగ్గరే ఉంటుంది. 13కు 9, 10కి 9: ఈ రెండు జతల మధ్య తేడాను రోగికి బొమ్మ గీసి చూపించాను. పన్ను తీసేసి ఇంప్లాంట్ పెట్టడం, పక్క పళ్లను అరగదీసి బ్రిడ్జ్ కట్టడం కూడా వివరించాను. ఆమె సొంత వేరును ఉంచుకోవడానికే మొగ్గారు. “ఎన్నాళ్లు పడుతుంది?” అని అడిగితే ఆరు నెలలని చెప్పాను. అతికించి పంపమని వచ్చిన మనిషికి ఆ మాట మింగుడుపడడానికి కొంచెం సమయం పట్టింది. ఆలోచించుకుని వారం తరువాత ఒప్పుకుని వచ్చారు.

మొదటి పని నాళానికి మళ్లీ చికిత్స. కొన దగ్గర నీడ ఉన్నందువల్లనే కాదు. నీడ లేకపోయినా మళ్లీ చేసేవాణ్ణే. లాలాజలంలో వారాల తరబడి తడిసిన గట్టాపర్చాను నమ్మి దాని మీద కొత్త కట్టడం కట్టకూడదు. వేరు చిగురు లోపల ఉండడంతో లాలాజలం చేరకుండా కట్టే రబ్బరు తెరను (రబ్బర్ డ్యామ్) పట్టే క్లాంప్ దానికి నిలవదు కాబట్టి, రెండు పక్క పళ్ల మీదుగా డ్యామ్‌ను చీల్చి తొడిగి, సందులను గట్టిపడే రెజిన్ ద్రవంతో మూసి పనిచేశాను. హెడ్‌స్ట్రోమ్ ఫైళ్లతో పాత గట్టాపర్చా దాదాపు ఒకే ముక్కగా వచ్చేసింది. అంత సులువుగా రావడమే అది ఎంత వదులుగా ఉందో చెప్పింది. అంగిలి వైపు అంచును గుర్తుగా పెట్టుకుంటే పని పొడవు 14.5 మి.మీ. తేలింది. 3 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో, చివర 17 శాతం ఇ.డి.టి.ఎ.తో కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ నింపి రెండు వారాలు ఉంచి, తరువాత గట్టాపర్చా, రెజిన్ సీలర్‌తో నింపాను. తరువాత వచ్చేది రెజిన్ సిమెంటు కాబట్టి యూజినాల్ ఉన్న సీలర్ జోలికి పోలేదు. యూజినాల్ అవశేషం రెజిన్ గట్టిపడడాన్ని అడ్డుకుంటుంది.

లాగడానికి స్టీలు తీగను కొక్కెంలా వంచి, నాళం పైభాగంలో గ్లాస్ అయనోమర్‌తో బిగించాను. రెండువైపులా రెండేసి పళ్ల ముందు భాగాన మందపాటి తీగను కదలకుండా అతికించి, కొక్కేనికీ ఆ తీగకూ మధ్య రబ్బరు దారం కట్టాను. ముందు పన్ను లేకుండా ఎవరినీ వారాల తరబడి తిరగమనలేం గనుక, రెజిన్‌తో చేసిన తాత్కాలిక పన్నును అదే తీగకు వేలాడదీశాను. వారానికి ఒకసారి మత్తు ఇచ్చి, చిగురు సందులోంచి సన్నని బ్లేడుతో వేరు చుట్టూ ఉన్న నారపోగులను ఎముక శిఖరం దాకా కోశాను. ఆ పోగులను కోయకుండా లాగితే అవి ఎముకను, చిగురును కూడా వేరుతోపాటు కిందికి లాక్కొస్తాయి. అప్పుడు మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి రాయాలి. మొదటి వారంలో 1 మి.మీ. కదిలిన వేరు రెండో వారంలో అసలు కదల్లేదు. రబ్బరు దారం బలం తక్కువైందేమో అనుకుని కొత్త దారం బిగించి పంపాను. మూడో వారం వచ్చినప్పుడూ అంతే. వేరు ఎముకకు అతుక్కుపోయిందేమోనన్న భయం మొదలైంది. వేలితో కదిపితే కొంచెం కదిలింది, లోహపు పనిముట్టు పిడితో తడితే మామూలు శబ్దమే వచ్చింది, కాబట్టి అతుక్కుపోలేదు. చివరికి పలుచని రంగు కాగితాన్ని తాత్కాలిక పన్నుకూ వేరుకూ మధ్య జొనిపి చూస్తే అసలు సంగతి బయటపడింది: కిందికి వస్తున్న వేరు నేను వేలాడదీసిన తాత్కాలిక పన్ను అడుగుకు ఆనుకుని ఆగిపోయింది. లోపలివైపు 3 మి.మీ. పైగా తొలిచి ఖాళీ ఉంచవలసినదాన్ని ఒకటిన్నర మిల్లీమీటరే తొలిచాను. ఆ ఖాళీని అక్కడికక్కడే పెంచితే తరువాతి రెండు వారాల్లో మిగిలిన 2 మి.మీ. వచ్చేసింది. అంటే మూడు వారాల పని అయిదు వారాలు పట్టింది; ఆలస్యం నా వల్లనే జరిగిందని ఆమెకు చెప్పాను. అప్పటినుంచి ఇలాంటి కేసుల్లో ప్రతి వారం దారం మార్చేముందు రంగు కాగితంతో చూడడం అలవాటు చేసుకున్నాను.

లాగిన వేరును పది వారాలు కదలకుండా కట్టి ఉంచాను. ఈలోపు కొన దగ్గరి నీడ చిన్నదవడం ఎక్స్-రేలో కనిపించింది. కట్టు విప్పేనాటికి వేరు చిగురుకు బయట పెదవి వైపున 2 మి.మీ., అంగిలి వైపున 3 మి.మీ. నిలిచింది. అనుకోని లాభం మరొకటి ఏమిటంటే, ఇప్పుడు రబ్బర్ డ్యామ్ క్లాంప్ వేరు మీద స్వయంగా నిలబడుతోంది. అతికించే పనికి పొడి వాతావరణం దొరికింది.

పోస్ట్ ఎంపికలో నా ముందున్నవి రెండు: పోత పోసిన లోహపు పోస్ట్-కోర్, గాజునార పోస్ట్. పోత పోసిన పోస్ట్ పాతదైనంత మాత్రాన చెడ్డది కాదు. నాళం బాగా వెడల్పుగా, గుండ్రంగా లేకుండా ఉన్నప్పుడు దాని ఆకారానికి అచ్చంగా అమరేది అదే. అయితే దానికి కొలత తీసుకుని ల్యాబ్ నుంచి వచ్చేదాకా తాత్కాలిక పోస్ట్‌తో గడపాలి, ఆ రోజుల్లో లాలాజలం మళ్లీ లోపలికి దిగే ప్రమాదం ఉంది. వంగకుండా నిలిచే గుణాన్ని కొలిచే స్థితిస్థాపక గుణకం డెంటిన్‌కు సుమారు 18 గిగాపాస్కల్స్; స్టీలుది 200 దరిదాపుల్లో, టైటానియానిది 110 దరిదాపుల్లో ఉంటుంది. గాజునార పోస్ట్‌ది డెంటిన్‌కు ఎంతో దగ్గర. వంగని పోస్ట్ బలాన్ని తన కొన దగ్గర వేరు మీద పోగేస్తుంది. దాని వైఫల్యం ఎక్కువగా వేరు చీలడంతో ముగుస్తుంది, అప్పుడిక పన్ను తీయడమే. గాజునార పోస్ట్ విఫలమైనప్పుడు ఎక్కువగా ఊడుతుంది, దాన్ని మళ్లీ పెట్టవచ్చు. పెదవి వైపు గోడ పలుచగా ఉన్న ఈ పన్నుకు నేను ఊడే పోస్ట్‌నే కోరుకున్నాను. గోడ చుట్టూ పొన్ను సరిగ్గా ఉన్నప్పుడు ఈ రెండు రకాల మధ్య తేడా, మన సమావేశాల్లో జరిగే వాదాలంత పెద్దది కాదన్నది మాత్రం నా అభిప్రాయం.

పోస్ట్ పొడవు దగ్గర పుస్తకపు సూత్రాలన్నీ ఒకేసారి కుదరలేదు. కొన దగ్గర 4 నుంచి 5 మి.మీ. గట్టాపర్చా మిగలాలి, పోస్ట్ క్రౌన్ ఎత్తుకు తక్కువ కాకూడదు, ఎముకలో ఉన్న వేరులో సగం దాకా దిగాలి. నాళం 14.5 మి.మీ. అయినప్పుడు 4.5 మి.మీ. గట్టాపర్చా వదిలితే పోస్ట్‌కు 10 మి.మీ. దొరుకుతుంది. అది క్రౌన్ ఎత్తుకు సమానం. కానీ వేరును లాగేశాక ఎముక శిఖరం అంగిలి వైపు అంచుకు 6 మి.మీ. లోతున ఉంది కాబట్టి, ఎముక లోపలికి దిగేది 4 మి.మీ. మాత్రమే, సూత్రం ప్రకారం 4.5 కావాలి. ఆ అర మిల్లీమీటరు కోసం కొన దగ్గరి మూతను 4 మి.మీ.కు తగ్గించడమా, వద్దా? వద్దనుకున్నాను. ఒకసారి సోకి, ఇప్పుడిప్పుడే మానుతున్న వేరు కొనకు ఆ మూతే రక్ష.

గట్టాపర్చాను ముందు వేడి ప్లగ్గర్‌తో కరిగించి తీసి, ఆ తరువాతే 0.9 మి.మీ.ల రెండో నంబరు, 1.1 మి.మీ.ల మూడో నంబరు పీసో రీమర్లను, తక్కువ వేగంతో, రబ్బరు స్టాపర్ పెట్టి వాడాను. పీసో కొన కోయదు, మెత్తని గట్టాపర్చా దారినే పోతుంది; అయినా దాన్ని బలంగా నొక్కితే గోడవైపు తప్పుతుంది. పాత పోస్ట్ వల్ల పైభాగం అప్పటికే 1.5 మి.మీ. వెడల్పుంది, దాన్ని ఇంకా పెంచలేదు. ఎక్స్-రే తీస్తే 4.5 మి.మీ. గట్టాపర్చా ఖాళీ లేకుండా ఉంది. పని అయిందనుకునే చోట లూప్స్‌తో మళ్లీ చూస్తే, అంగిలి వైపు గోడకు గులాబీ రంగు పొర ఒకటి, గోటి మీద మిగిలిన రంగులా పలుచగా అంటుకుని ఉంది. ఎక్స్-రేలో అది కనిపించదు. సిమెంటు అంటుకోవలసింది డెంటిన్‌కు. ఆ పొర ఉన్నంత మేర అంటుకునేది మైనంలాంటి పదార్థానికి. నార పోస్ట్‌లు “ఏ కారణమూ లేకుండా” ఊడిపోయాయని మనం చెప్పుకునే కేసుల్లో చాలా వాటికి ఇదే కారణమని నేను నమ్ముతాను. అల్ట్రాసోనిక్ కొనతో ఆ పొర మొత్తం పోయేదాకా గోకాను. 17 శాతం ఇ.డి.టి.ఎ.తో ఒక నిమిషం, తరువాత శుద్ధ జలంతో కడిగాను. ఈ దశలో హైపోక్లోరైట్‌తో ముగించకూడదు. అది వదిలే ఆక్సిజన్ రెజిన్ గట్టిపడడాన్ని దెబ్బతీస్తుంది. గాలి ఊదకుండా పేపర్ పాయింట్లతో, కొన తడవకుండా బయటికి వచ్చేదాకా ఆరబెట్టాను.

పోస్ట్‌ను అమర్చి చూసి, నీళ్లు పారిస్తూ డైమండ్ బర్‌తో కోశాను. కత్తెరలాంటి కటర్‌తో నొక్కి కోస్తే నార పోగులు విడిపోతాయి. ఆల్కహాల్‌తో తుడిచి, సిలేన్ పూసి, ఒక నిమిషం ఆరనిచ్చాను. స్వయంగా అంటుకునే, కాంతితోనూ రసాయనికంగానూ గట్టిపడే డ్యూయల్ క్యూర్ రెజిన్ సిమెంటును సన్నని పొడవాటి కొనతో నాళం అడుగు నుంచి పైకి నింపుకుంటూ వచ్చాను. పై నుంచి పోస్తే అడుగున గాలి బుడగ చిక్కుకుంటుంది. పోస్ట్‌ను దించి, మిగులు తుడవకుండానే 40 సెకండ్లు కాంతి పట్టి, లోపల కాంతి చేరని చోట రసాయనికంగా గట్టిపడడానికి అయిదు నిమిషాలు తాకకుండా వదిలేశాను. నాళంలో సిమెంటుకు గోడలు అన్నివైపులా ఉండి, సాగడానికి విడి ఉపరితలం దాదాపు ఉండదు గనుక, అది కుంచించుకునేటప్పుడు గోడల నుంచి వదులుకోవాలని చూస్తుంది. ఆ అయిదు నిమిషాల ఓపిక అందుకే. కోర్‌ను డ్యూయల్ క్యూర్ కాంపోజిట్‌తో అదే సిట్టింగ్‌లో, డ్యామ్ తీయకముందే కట్టాను. దానికి వాడే బాండింగ్ కూడా డ్యూయల్ క్యూర్‌కు తగినదై ఉండాలి. ఆమ్లత్వం ఎక్కువగా ఉన్న కొన్ని ఒకే సీసా బాండింగ్‌లు, కాంతి లేకుండా గట్టిపడే రెజిన్‌తో పొసగవు.

క్రౌన్ కోసం చెక్కేటప్పుడు పెదవి వైపు అంచును చిగురుకు అర మిల్లీమీటరు లోపల, అంగిలి వైపున చిగురుకు పైన ఉంచాను. చెక్కడం పూర్తయ్యాక మిగిలిన డెంటిన్ గోడ పెదవి వైపున 2.5 మి.మీ. ఎత్తు, 1.2 మి.మీ. మందం, అంగిలి వైపున 2.5 మి.మీ. ఎత్తు, రెండు పక్కలా ఒకటిన్నర మిల్లీమీటరు తేలింది. పక్కల ఎత్తు తక్కువే. కానీ బలం ముఖ్యంగా అంగిలి వైపు నుంచి వచ్చే ఈ పన్నులో అంగిలి గోడ గట్టిగా ఉంటే పక్కల లోటు భరించదగినదే అనుకున్నాను.

వేరు కొన వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. లాగిన వేరు చిగురు దగ్గర పక్క పన్ను కన్నా సుమారు 1 మి.మీ. సన్నగా ఉంది. నేరుగా క్రౌన్ తొడిగితే పుట్టగొడుగులా కనిపించేది. అందుకని తాత్కాలిక క్రౌన్ మెడ భాగంలో రెండు వారాలకు ఒకసారి కొంచెం కొంచెం రెజిన్ చేర్చి, ఆరు వారాల్లో చిగురును పక్కలకు ఒత్తి, పన్ను క్రమంగా వెడల్పయి వస్తున్నట్టు మలిచాను. ఆ తరువాతే రిట్రాక్షన్ కార్డ్ పెట్టి అడిషన్ సిలికోన్‌తో కొలత తీసుకున్నాను. లోపల లోహం లేనందువల్ల కాంతి దూరి వెళ్లే లిథియం డైసిలికేట్ క్రౌన్‌కు అవకాశం దొరికింది. నల్లని లోహపు పోస్ట్ ఉంటే ఇది సాధ్యపడేది కాదు, జిర్కోనియా వైపు పోవలసి వచ్చేది. అతికించాక కాటు సరిచూసుకోవడానికి ఎక్కువ సమయం పెట్టాను. నోరు మూసినప్పుడు పలుచని షిమ్ రేకు ఈ పన్ను దగ్గర కొద్దిగా జారిపోవాలి, పక్క పళ్ల దగ్గర పట్టాలి. దవడ ముందుకు జరిపినప్పుడు భారం రెండు మధ్య పళ్ల మీద సమంగా పడేలా అంగిలి వైపు వాలును తగ్గించాను. పాత క్రౌన్‌కు ఈ వాలు నిటారుగా ఉండేది. డీప్ బైట్ ఉన్న నోటిలో ప్రతి కాటూ దాన్ని ముందుకు తోసేది.

ఆరు నెలలకు కొన దగ్గరి నీడ సగానికి పైగా తగ్గింది. ఏడాదికి ఎముక గీత మామూలుగా కనిపించింది. మూడేళ్ల పరీక్షలో ప్రోబింగ్ లోతు చుట్టూ 2 నుంచి 3 మి.మీ., అంగిలి వైపు అంచు దగ్గర సన్నని ప్రోబ్ కొన ఎక్కడా పట్టలేదు, క్రౌన్‌ను వేళ్లతో ముందుకూ వెనక్కూ నొక్కితే అంచు దగ్గర లాలాజలపు బుడగ రాలేదు. ఈ చివరి పరీక్షకు ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. ఊడబోతున్న క్రౌన్‌ను నెలల ముందే పట్టిస్తుంది. వేరు లాగిన చోటు నుంచి వెనక్కు జరగలేదు. లోటు ఒకటి మిగిలింది: రెండు మధ్య పళ్ల మధ్య చిగురు మొన పూర్తిగా నిండక, అక్కడ చిన్న నల్లని త్రికోణం కనిపిస్తోంది. పక్క పన్నుకు కొంచెం కాంపోజిట్ చేర్చి దాన్ని మూయవచ్చని చెప్పాను. ఆమె అద్దం తీసుకుని చాలాసేపు వెతికి, నేను చూపించాక గానీ ఆ చోటు కనిపెట్టలేక, అక్కర్లేదన్నారు.